బయటికి రాని బంతి

“మూడో సంతకం ఎవరిదో కాస్త చదివిపెట్టండి గురువుగారూ. మా వాళ్ళ కళ్ళకు ఆనడం లేదు.”

ఇన్‌స్పెక్టరు జిరాక్స్ కాగితాన్ని బల్ల మీద ఇటు తిప్పి, అడుగున వేలితో తట్టాడు. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. డిటెక్టివ్ కాగితం మీదికి వంగాడు. నిజానికి వంగక్కర్లేదు. కొక్కెంలాంటి మొదటి అక్షరం, దాని మీద పొడుగ్గా లాగిన గీత, గీత చివర చుక్క. ముప్ఫై ఏళ్ళుగా తన చెయ్యి గీస్తున్న గీతే అది.

“నాదే” అన్నాడు.

“అబ్బే! మీది కాదనే మా వాళ్ళతో వాదించాను. నేల మీద ఆవగింజ పడితే ఎక్కడుందో చెప్పే మనిషి, చదవకుండా సంతకం గీకుతాడా అన్నాను. నా పరువు తీశారు.”

పక్కనున్న రైటరు దగ్గొచ్చినట్టు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

డిటెక్టివ్ పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ ఇన్‌స్పెక్టరుకు ఆరు నెలలు పని నేర్పాడు. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక మూడు కేసుల్లో ఆ శిష్యుణ్ణే నలుగురిలో తప్పని తేల్చాడు. అందుకే ఆ ‘గురువుగారూ’ అనే పిలుపులో బెల్లం చిటికెడు, మిరియాలు దోసెడు.

బల్ల మీది కాగితం కొత్త కాలనీలో మురుగు పైపుల పరీక్ష ఫారం. కాలనీ వేసేవాడు ప్లాట్లు ముందు అమ్ముకుంటాడు, రోడ్లూ పైపులూ తర్వాత వేస్తానంటాడు. వెయ్యకుండా జారుకుంటే కొన్నవాళ్ళ గతి? అందుకని ఆ పనులకు ఎంతవుతుందో అంతకీ బ్యాంకు చేత గ్యారంటీ రాయించి మున్సిపాలిటీ దగ్గర పెట్టిస్తారు. పనులు పరీక్షలో నెగ్గితే ఆ కాగితం తిరిగిస్తారు, నెగ్గకపోతే బ్యాంకు దగ్గర వసూలు చేసి మున్సిపాలిటీయే పని పూర్తి చేయిస్తుంది. పల్లెలో అయితే తాకట్టు అంటారు, అంతే తేడా. మాట తప్పితే వస్తువు పోతుందన్న భయమే దాని బలం.

ఆ తాకట్టు మొన్న సోమవారం పొద్దున్న పదకొండింటికి కాలనీ యజమాని చేతికి తిరిగి వెళ్ళిపోయింది. మంగళవారం తెల్లవారాక ఊడ్చేవాళ్ళకు పన్నెండో మ్యాన్‌హోల్ పక్కన ఒక చెప్పుల జత కనిపించింది. మూత తీస్తే లోపల మున్సిపాలిటీలో ముప్ఫై ఏళ్ళుగా పైపుల్లోకి బంతి వేసి పరీక్షలు చేసిన ముసలాయన శవం. ఆఫీసులో అందరూ ఆయన్ని బంతి తాత అనేవారు.

“ఇరవై రెండు పైపులకు ఇరవై రెండు గడులు. ఇరవై రెంటిలోనూ ‘సరి’ అని ఉంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “కింద ఇంజనీరమ్మ సంతకం. పదకొండుకీ పన్నెండుకీ మధ్య పైపు చితికిపోయి ఉంటే ‘సరి’ ఎలా రాసింది? తిని రాసింది. ముసలాడు బయటపెడతానన్నాడు. సోమవారం రాత్రెప్పుడో పోయాడని డాక్టరు పైపైన చెప్పాడు. ఆ సాయంత్రమే ఆవిడ అక్కడ ముసలాడితో కేకలేస్తుంటే వాచ్‌మన్ చూశాడు. నాలుగింటికి కోర్టుకు తీసుకెళ్తున్నా.”

“ఆ మూత లేపాలంటే రెండు కొక్కేలు, ఇద్దరు మనుషులు కావాలి.”

“లేపడానికి ఇద్దరు. కాలితో తోసి మూయడానికి ఒక్కరు చాలు గురువుగారూ. సరే, మీకు ఒకటే ప్రశ్న. ఆదివారం మీరు సంతకం పెట్టినప్పుడు ఆ పదకొండో గడి ఖాళీగా ఉందా, నిండి ఉందా?”

రైటరు కలం ఎత్తి పట్టుకున్నాడు. ‘ఖాళీగా ఉంది’ అంటే చాలు, శనివారం ఆ పిల్ల రాయలేదని తేలిపోతుంది. రెండే రెండు మాటలు. డిటెక్టివ్ నోరు తెరిచాడు. ఆదివారం ఆ కాగితం తన బల్ల మీద ఉండటం జ్ఞాపకముంది, దాని మూల ఎగరకుండా కళ్ళజోడు డబ్బా పెట్టడం జ్ఞాపకముంది. గడులు మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు.

“చూడలేదు” అన్నాడు.

“రాసుకోవయ్యా” అన్నాడు ఇన్‌స్పెక్టరు రైటరుతో. “పరీక్ష మా ఎదుట జరిగినది అని అచ్చువేసిన చోట సంతకం పెట్టిన సాక్షి, పరీక్షా చూడలేదు, కాగితమూ చూడలేదు.”

*

ఇంజనీరమ్మను పక్క గదిలో కూర్చోబెట్టారు. పాతికేళ్ళు ఉంటాయేమో. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. బట్టలు కుట్టి ఆమెను చదివించిన తల్లి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. నిన్న డిటెక్టివ్ ఇంటికి వచ్చి కేసు అప్పగించింది ఆ తల్లే.

“ఏం జరిగిందో నిమిషాలతో సహా చెప్పమ్మా.”

“శనివారం నాలుగూ పదికి పదకొండో మ్యాన్‌హోల్లో బంతి వేశాం సార్. పైపు అడుగు వెడల్పు, చెక్కబంతి దానికి అర అంగుళం తక్కువ. నీళ్ళు వదిలితే దొర్లుకుంటూ పన్నెండులో బయటపడాలి. పడితే లోపల సిమెంటు ముద్దల్లేవు, విరుగుల్లేవు, వాలు సరిగ్గా ఉంది అని లెక్క. తాత పన్నెండులోకి దిగి దోసిలి పట్టుకుని కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. ఐదయింది. రాలేదు.”

“అప్పుడు?”

“మబ్బు పట్టింది. సోమవారం తీద్దాంలే అమ్మాయ్, ఆ ఒక్క గడి వదిలేసి సంతకం పెట్టేయ్ అన్నాడు. వదిలేశాను.”

“ఖాళీ గడి ఉంచి కింద సంతకం ఎందుకు పెట్టావు?”

ఆమె తల వంచుకుంది. “అందరూ అలాగే పెడతారు సార్. ఇరవై రెండు గడులకూ అడుగున ఒకటే సంతకం. ఒక్క గడి ఆగిందని ఫారం ఆపితే మళ్ళీ మొదటి నుంచీ మూడు వారాలు. కాగితాన్ని ముందు నడవనివ్వు, పని వెనకాల అదే నడుస్తుంది అని మా సీనియర్లు చెప్పేవాళ్ళు. కనీసం అడ్డగీత కొట్టాల్సింది. పదో తరగతి పరీక్షలో కూడా ఖాళీ కాగితం మీద అడ్డగీత కొట్టి ఇచ్చినదాన్ని. ఉద్యోగంలో కొట్టలేకపోయాను.”

“దారం ముడెయ్యకుండా కుట్టేసిందండీ” అంది తల్లి మెల్లగా. “చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నా.”

“సోమవారం?”

“గ్యారంటీ ఇచ్చేశారని సాయంత్రం తెలిసింది. ఐదుంపావుకు కాలనీకి పరిగెత్తాను. తాత అక్కడే ఉన్నాడు, తాళ్ళు సర్దుకుంటున్నాడు. ఎవరు రాశారు ఆ గడిలో అని అరిచాను. తలెత్తలేదు సార్. ‘బంతి తీసేస్తే రాసింది నిజమైపోతుంది, నువ్వెళ్ళు తల్లీ’ అన్నాడు. నేను ఆఫీసుకు వెళ్ళి గ్యారంటీ వెనక్కి తెప్పించమని అర్జీ ఇచ్చాను. తీసుకోమంటే తీసుకోలేదు. ఏడింటిదాకా అక్కడే కూర్చున్నాను.”

ఆమె ఒక్కసారిగా తలెత్తింది. “సార్, ఆ ఫారం మీద ప్లాట్లు కొన్నవాళ్ళు ముగ్గురు సాక్షి సంతకాలు పెట్టాలి. మొదటి ఇద్దరూ శనివారమే, నా ముందే పెట్టారు. మూడో ఆయన తర్వాత పెట్టారు. ఆయనెవరో కనుక్కోండి సార్. సొంత ప్లాటు కింద పైపు కదా, గడి ఖాళీగా ఉంటే చూడకుండా ఉంటారా?”

“అన్నయ్యగారూ, ఆ పెద్దమనిషి ఎవరో చూపించండి చాలు, కాళ్ళు పట్టుకుంటాను” అంది తల్లి.

తేలు కుట్టిన దొంగ కూడా లోపల్లోపలైనా మూలుగుతాడు. తనకు అదీ చేత కాలేదు.

“చూస్తానమ్మా” అని లేచి బయటికి వచ్చేశాడు. తలుపు వేస్తున్నప్పుడు ఆ తల్లి దండం పెడుతోందని తెలిసి కూడా అటు తిరగలేదు.

*

పన్నెండున్నరకు ఎండ నెత్తి మీదికి వచ్చింది. అతనికి కావలసిందీ అదే. తాతతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన పైపుల మేస్త్రి ఇంట్లోంచి నిలువుటద్దం ఒకటీ, గడ్డం గీసుకునే అద్దం ఒకటీ పట్టుకొచ్చాడు. పదకొండు, పన్నెండు మూతలు పొద్దున్నే తీయించి లోపల గాలి ఆడనిచ్చాడు.

“నేను పదకొండులో ఎండను అద్దంతో పైపులోకి కొడతా సారూ. మీరు పన్నెండులోకి దిగి చిన్నద్దంలో చూడండి. పైపు శుభ్రంగా ఉంటే నిండు చందమామ కనపడాలి. ఎక్కడ చెడితే అక్కడ చందమామ కొరికేసినట్టు ఉంటుంది.”

రెండు నిలువుల లోతు. ఇనప మెట్లు తుప్పు పట్టలేదు, కొత్తవి. డిటెక్టివ్ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. తాత ఇక్కడే దొరికాడు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు మడిచి, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చుని ఉన్నాడట. డిటెక్టివ్ పైపు నోటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అద్దం పట్టాడు.

“కొట్టు మేస్త్రీ!”

చీకటి. తర్వాత పైపు ఆ చివర ఒక వెలుగు. చందమామ కాదు, గోరు విరిగినట్టు సన్నటి ముక్క. మిగతాదంతా నల్లగా, గుండ్రంగా ఏదో అడ్డం కూర్చుంది. దాని కింద పైపు పెంకులు పళ్ళలా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య ఇరుక్కున్న బంతికి కట్టిన తాడు కొన మాత్రం ఇటువైపు వేలాడుతోంది. తాడుకు కొత్తగా ఒక కొక్కెం తగిలించి ఉంది.

తాత దాన్ని లాగుతూ పోయాడన్నమాట.

పైకి వచ్చేసరికి మేస్త్రి అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “ముప్ఫై ఏళ్ళలో ఒక్క బంతి పైపులో వదల్లేదు సారూ మా తాత. ఒకసారి నాలుగు రోజులు తిండి మానేసి తీశాడు. వదిలేస్తే పెళ్ళాన్ని సంతలో వదిలేసినట్టే అనేవాడు.”

“మరి తీయకముందే ‘సరి’ అని ఎవరైనా రాయమంటే రాస్తాడా?”

మేస్త్రి ఒళ్ళోని అద్దాన్ని బోర్లించాడు. “సోమవారానికల్లా తీసేస్తానని నమ్మకం ఉంటే… రాస్తాడేమో. మేమంతా అంతే కదా సారూ. కాగితం అన్నంలాంటిది, వేళకు పెట్టెయ్యాలి. పని కూరలాంటిది, కాస్త ఆలస్యమైనా తింటారు.”

జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి మ్యాన్‌హోల్లోకి తొంగి చూశాడు.

“ఏం దొరికింది గురువుగారూ?”

“బంతి. పైపులోనే ఉంది. ఇంజనీరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. శనివారం అది బయటికి రాలేదు.”

“భేష్.” ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకున్నాడు. “నా పని మీరే చేసిపెట్టారు. బంతి రాలేదని ఆవిడకు శనివారమే తెలుసు. తెలిసీ ‘సరి’ రాసింది. ఇంతసేపూ పొరపాటు అంటారేమోనని భయపడ్డా. ఇప్పుడది మోసం అయింది.”

డిటెక్టివ్ నడుముకున్న తాడు విప్పుకోవడం ఆపేశాడు.

“ఆ గడి ఎవరు నింపారన్నదే అసలు సంగతి” అన్నాడు చివరికి.

“అదేగా పొద్దున్న అడిగాను. దానికున్న ఒక్క సాక్షీ చూడలేదన్నాడు. ఇప్పటికైనా గుర్తొచ్చిందని చెప్పండి, రాసుకుంటా. కోర్టులో మాత్రం వకీలు మిమ్మల్ని కందిపప్పులా ఏరుతాడు. ఆ రోజు కళ్ళజోడు పెట్టుకున్నారా, ఎన్ని గడులు, ఏ గడి ఖాళీ, ఎడమనుంచి ఎన్నోది? అబద్ధమాడితే మీరు పోతారు, ఆడకపోతే పిల్ల పోతుంది. మీరే నేర్పారు గురువుగారూ, సాక్షిని అటు నుయ్యి ఇటు గొయ్యి మధ్య నిలబెట్టమని.”

“నువ్వు చూపించింది జిరాక్సు. అసలు కాగితం చూశావా?”

“రెండిట్లోనూ అవే అక్షరాలు కదా!”

డిటెక్టివ్ స్కూటరెక్కాడు. ఒకటీ నలభై.

*

మున్సిపాలిటీ రికార్డు గది గుమాస్తాకు ఈ ఏడాదితో ఉద్యోగం అయిపోతుంది. పిన్నా పెద్దా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. ఫైలు అడిగితే కళ్ళజోడు మీంచి చూసింది.

“ఇక్కడే చూడు నాయనా. నా చెయ్యి దాటదు. పోలీసులకు కూడా జిరాక్సే ఇచ్చా.”

“ఇంజనీరమ్మ సోమవారం సాయంత్రం ఎప్పుడొచ్చింది పెద్దమ్మా?”

“ఐదూ నలభై ఐదు. గ్యారంటీ ఆపమని అర్జీ. వెళ్ళిపోయిన పెళ్ళివారికి భోజనం వడ్డించమన్నట్టుంది తల్లీ, పొద్దున్నే ఇచ్చేశాం కదా అన్నా. ఏడింటిదాకా ఆ బెంచీ మీదే కూర్చుని ఏడ్చింది. నేనే తాళం వేస్తూ లేపా.”

ఫైలు తెరిచింది. డిటెక్టివ్ కాగితం మీదికి వంగాడు. ఈసారి నిజంగానే చూడటానికి.

ఇరవై ఒక్క గడుల్లో ‘సరి’ నీలం బాల్‌పెన్ను. ఇంజనీరమ్మ సంతకం నీలం. మొదటి ఇద్దరు సాక్షులవీ నీలమే. పదకొండో గడిలో ‘సరి’ మాత్రం నీలం కాదు, ఎరుపూ కాదు. మగ్గిన నేరేడు పండు పిండినట్టున్న రంగు. కాగితం మీద ఆ రంగు ఇంకొక్క చోట ఉంది, అడుగున, కొక్కెంలాంటి అక్షరంతో మొదలయ్యే మూడో సంతకంలో.

అతని చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆ రంగు సిరా బజారులో దొరకదు. రెండు సీసాల సిరా పాళ్ళు చూసి కలిపి, తన కలంలో తానే పోసుకుంటాడు. తన సంతకం ఎవడూ దొంగతనంగా పెట్టలేడని నలుగురిలో చెప్పుకునేవాడు. డిటెక్టివ్ అన్నాక ఆ మాత్రం ఉండాలి కదా అని నవ్వేవాడు కూడా.

ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. ఆదివారం పదిన్నర. బంతి తాత గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. తను ఫోన్‌లో ఉన్నాడు. “బాబూ, నా పెన్ను కక్కడం లేదు, మీదొకసారి…” అన్నాడు తాత. జేబులోంచి కలం తీసిచ్చి, ఫోన్ చెవికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగాడు. రెండు నిమిషాలు. తన బల్ల మీద, తన కలంతో, తన వీపు వెనకాల ఆ ముసలాయన ఒక చిన్న మాట రాశాడు. ఆ తర్వాత తను వచ్చి దాని కింద గీత గీసి, చివర చుక్క పెట్టాడు.

ఫోన్‌లో ఉన్నది తన ప్లాటు కొంటానన్న మనిషి. గ్యారంటీ విడుదలైతే ప్లాటు విలువ పెరుగుతుంది, పెంచి అడుగుదామని బేరం సాగదీస్తున్నాడు. అందుకే ఆ కాగితం వేగంగా కదలాలనుకున్నాడు. తనలాంటి వాళ్ళ కోసం పెట్టిన తాకట్టును తనే సంతకం పెట్టి విడిపించాడు. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ చేనే కంచెను పీకి ఇచ్చింది.

“ఏమైంది నాయనా, మొహం అలా అయిపోయింది? మంచినీళ్ళు కావాలా?”

“పెద్దమ్మా, ఈ ఫైలు తీసుకుని మీరే నాతో స్టేషన్‌కు రావాలి. నా కలం కూడా మీ చేత్తోనే పట్టుకోండి. నేను ముట్టుకోకూడదు.”

ఆమె కాగితం చూసింది, కలం చూసింది, అతన్ని చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. చెంగుతో చెయ్యి తుడుచుకుని కలం అందుకుంది.

*

మూడూ నలభైకి స్టేషన్. ఇంజనీరమ్మను జీపెక్కించడానికి బయటికి తెస్తున్నారు. డిటెక్టివ్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

“మూడో సాక్షి దొరికాడా సార్?” అంది ఆమె ఆత్రంగా.

“దొరికాడమ్మా. మూడో సంతకం నాది.”

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తల్లికి ముందే అర్థమైంది.

“పొద్దున్న మా ముందు కూర్చున్నప్పుడు కూడా మీకు తెలుసా?” అంది. అన్నయ్యగారూ అనలేదు.

“తెలుసు.”

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని రెండడుగులు అవతలికి జరిగింది, బురద పక్కనుంచి జరిగినట్టు.

ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెద్దమ్మ ఫైలు తెరిచి, పక్కన కలం పెట్టింది. డిటెక్టివ్ తెల్లకాగితం అడిగి, తన కలంతో, అందరి ముందూ వాఙ్మూలం రాయడం మొదలుపెట్టాడు. గడి నిండింది శనివారం కాదు, ఆదివారం. నింపింది ఇంజనీరు కాదు, బంతి తాత. చోటు, నా ఇల్లు. కలం, నాది. అప్పుడు నేను ఫోన్‌లో ప్లాటు బేరంలో ఉన్నాను. ఒక్కో వాక్యం రాస్తుంటే నేరేడు రంగు కాగితం మీద ఇంకుతూ, దానంతట అదే సాక్ష్యం చెబుతోంది.

ఇన్‌స్పెక్టరు రెండు రంగులూ పక్కపక్కన పెట్టి చూశాడు. నవ్వుతాడనుకున్నారంతా. నవ్వలేదు.

“కోర్టుకెళ్ళే జీపు ఆపండి” అన్నాడు కానిస్టేబుల్‌తో. “మోసం కేసు పోయింది.”

అప్పుడే ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు చింపి చదివాడు. చదివిందే మళ్ళీ చదివాడు.

“రాత్రి కాదట. సోమవారం సాయంత్రం ఆరుకీ ఏడుకీ మధ్య. గాలాడక. పడిన దెబ్బల్లేవు. కుడిచేతి వేళ్ళ కణుపులు మాత్రం చితికిపోయాయి, గోళ్ళలో మూతకున్న ఇనప తుప్పు.”

“ఆ టైముకు ఈ అమ్మాయి నా కళ్ళెదురుగా బెంచీ మీద ఉంది. నేను చెబుతా, రాసుకో” అంది పెద్దమ్మ.

ఇంజనీరమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తల్లి ఆమె తల కడుపుకు ఆనించుకుంది. అటువైపు ఎవరూ చూడటం లేదు. ఇన్‌స్పెక్టరు చూపు డిటెక్టివ్ మొహం మీద ఉంది. ఆ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

“గురువుగారూ?”

“ఆరింటికి నేను అక్కడే ఉన్నాను.”

“ఎక్కడ?”

“కాలనీలో. పన్నెండో మ్యాన్‌హోల్‌కు ఇరవై అడుగుల్లో. కొనే ఆయనకు ప్లాటు చూపిస్తున్నాను. అప్పుడు…” కలానికి మూత పెట్టాడు. “అప్పుడు కింద నుంచి చప్పుడు వచ్చింది. ఇనుము మీద కొట్టినట్టు. టక్ టక్ టక్. ఆగింది. మళ్ళీ మూడు. బేరం చెడుతుందేమోనని… ‘పైపుల పనివాళ్ళు లెండి, కొత్త కాలనీ కదా, చిన్న చిన్నవి ఉంటాయి’ అన్నాను. అని, ఆయన భుజం మీద చెయ్యేసి అవతలికి నడిపించుకుపోయాను. మూల తిరిగేదాకా వినపడుతూనే ఉంది.”

రైటరు కలం కింద పెట్టేశాడు.

పొద్దుటి నుంచీ దెప్పడానికి మాటలు వెతుక్కున్న ఇన్‌స్పెక్టరు ఇప్పుడు చేతికి దొరికినవాటిని వాడుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

“ఆ చప్పుడేమిటని ఆయన అడిగాడా?”

“లేదు. నేనే…”

డిటెక్టివ్ ఆగిపోయాడు.

“అడగలేదు” అన్నాడు మెల్లగా. “అడక్కముందే నేనే చెప్పాను.”

“సొంత డబ్బు పోసి కొనేవాడు, కాళ్ళ కింద భూమి మోగుతుంటే అడగడా? కిటికీ కిర్రుమంటే సగం ధర తగ్గించమంటారు జనం.” ఇన్‌స్పెక్టరు ఇంకా ముందుకు వంగాడు. “ఆరింటికి రమ్మన్నది మీరా, ఆయనా?”

“ఆయనే. సరిగ్గా ఆరింటికే అని పట్టుబట్టాడు. నేను వెళ్ళేసరికి ముందే వచ్చి ఉన్నాడు. డ్రైవరు వీధి కొళాయి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నాడు.”

“ఆయనొకడు, డ్రైవరొకడు. రెండు కొక్కేలు. మూత లేపి ముసలాణ్ణి దింపిందీ వాళ్ళే.” ఇన్‌స్పెక్టరు వేళ్ళు ముడిచాడు. “ముసలాడు ఆ బంతిని పెంకులతో సహా పైకి లాగితే గ్యారంటీ ఇచ్చింది తప్పని తేలేది, కాలనీ యజమాని మునిగేవాడు. అందుకని కొనేవాడి వేషంలో తన మనిషిని పంపి మూత పెట్టించాడు. పెట్టినవాడు ఆ టైములో ఎక్కడున్నాడని రేపు ఎవరైనా అడిగితే? పేరున్న డిటెక్టివ్‌తో ప్లాటు చూస్తున్నాడు. కాగితం మీద సాక్షి మీరే, రోడ్డు మీద సాక్షీ మీరే. చూడకుండా సంతకం పెట్టే మనిషని ఆదివారం ఫోన్‌లోనే వాళ్ళు పసిగట్టారు గురువుగారూ.”

ఈసారి ఆ పిలుపులో మిరియం లేదు. అదే ఎక్కువ మండింది.

జేబులో ఫోన్ మోగింది. ఇంటి నుంచి. నాలుగూ యాభై. ఇన్‌స్పెక్టరు సైగ చేస్తే డిటెక్టివ్ స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

“ఏవండీ” అంది భార్య. “ప్లాటు కొనే ఆయన వచ్చారు. ఆయనా, డ్రైవరూ. మిగతా పైకం తెచ్చారట. మీరెక్కడున్నారని అడుగుతున్నారు. ఏమని చెప్పను?”

ఇన్‌స్పెక్టరు అప్పటికే లేచి, చప్పుడు కాకుండా ఇద్దరు కానిస్టేబుళ్ళను జీపు వైపు తరుముతున్నాడు. పొద్దుటి నుంచీ అబద్ధం దాకా వచ్చి ఆగిపోయిన నోటితో ఇప్పుడు అబద్ధం ఆడాలి, అదీ అతుకు కనపడకుండా.

“బజార్లో ఉన్నానని చెప్పు. పావుగంటలో వచ్చేస్తా. కూర్చోమను” అన్నాడు, వీలైనంత మామూలుగా.

అవతల భార్య ఆ మాట చెప్పడం వినిపించింది. ఆ వెంటనే ఫోన్‌కు దగ్గరగా ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా అంది.

“తొందరేం లేదని చెప్పండమ్మా. స్టేషన్లో రాసే కాగితం పూర్తి చేసుకునే రమ్మనండి.”